చందమామ మీదికెల్లి

కేబుల్ బందైనంక ఇస్మాయిల్ సేటు
పన్నెండడుగుల డిష్షును తుక్కుకు తూస్తుంటే
బుచ్చిరాములు సారు అడ్డం పోయిండు.
"కిలోకు రెండు రూపాయలెక్కువిస్త" అన్నడు.
ట్రాక్టరెక్కించి మర్రిగూడకు తెచ్చినం.
దారిపొంటి కోళ్లన్నీ దాని నీడ చూసి
గంపల కింద దూరినయ్.

సారు తార్ ఆఫీసుల ముప్పయ్యేండ్లు చేసిండు.
చావులు, పుట్టుకలు, "వెంటనే బయల్దేరు"లు
ఆయన చూపుడువేలి కొసకెల్లి పోయినయ్.
తార్లు బందైనా వేలు బందు కాలె.
బువ్వ తింటుంటే కంచం అంచు మీద
కట్ట కడకట్ట అంటనే ఉంటది.
"సొట్టలు పడ్తయ్" అంటది ఈదమ్మ.

మా ఊరి బోరునీళ్లు
ముందుగాల పండ్ల మీద రాస్తయ్,
తర్వాత ఎముకల మీద.
సారు వెన్ను కొడవలి లెక్క వంగి
ఇరవయ్యేండ్లాయె. మెడ లేవది.
చంద్రుణ్ణి చూడాల్నంటే
మంచం మీద ఒక పక్కకు ఒరిగి
కిటికీల ఇరికిన సగం ముక్కను చూడాలె,
లేదంటే గోలెంల.
గోలెంల చూసినప్పుడు మాత్రం తిడ్తడు,
చంద్రుణ్ణి కాదు, నీళ్లను.

అందుకే కన్ను నాది, చెవి ఆయనది.
డిష్షుకు కట్టిన పైపుల కన్ను పెడ్త,
ట్రాక్టర్ జాకీతోని లేపుత.
"ఎక్కడున్నడు?"
"నీళ్ల ట్యాంకు మీద జానెడు."
"ఎనిమిది నిమిషాలకు వేలెడు జరపు. మరువకు."

ఇరవై దినాలు విన్నడు.
బత్తాయి తోటల మోటర్లు విన్నడు,
కిరాణం కొట్టు బుగ్గ సన్నటి ఏడుపు,
ఎవరిదో ఫోను చార్జరు,
రైసుమిల్లు గురక.
చంద్రుడొక్కడు దక్క ఊరంత వినబడ్డది.

ఇరవై ఒకటోనాడు గాలిదుమారానికి
చింతపల్లి దిక్కు తీగలు తెగినయ్.
ఊరంత "అయ్యో" అన్నది.
సారు "హమ్మయ్య" అన్నడు.
మా బావమరిది ఆటో బ్యాటరీలు
అడగకుండనే పట్టుకొచ్చిన.
సారు మీట నొక్కిండు,
సర్కారు ఇచ్చిన తన గుర్తు. నొక్కి ఆగిండు.

రెండున్నర సెకన్లు.
గంతసేపట్ల ఏమైతది?
ఈదమ్మ అగ్గిపుల్ల గీకింది, అంటుకోలె.
ఒక దోమ నా మోచేతి మీద వాలింది.

వచ్చింది.
బాయి అడుగుకెల్లి ఎవరో ఈల వేసినట్టు.
తను పంపిందే, జర సన్నబడి,
జర వణుక్కుంట,
రాళ్ల మీద పడి లేచిందాయె మరి.
సారు ఏమనలె. ముక్కు తుడుచుకున్నడు.
"జలుబు" అన్నడు.

అంతల్నే ఇంకో ఈల. కొత్త చెయ్యి.
"జపాను" అని రాసుకున్నడు కాగితం మీద.
"చెయ్యి నిమ్మళంగుంది. నా లెక్క ముసలోడే."
ఆయన మా గుర్తు చెప్పి, తన గుర్తు చెప్పి,
ఆఖరుకు మూడు గీతలు పంపిండు.
డా, డా, డా.
మళ్ల. మళ్ల.
"గదేంది సారూ?"
"ఓ."
"ఓ అంటే?"
"ఇనబడ్డదని. చంద్రుని దారిల గదే రివాజు.
బాగున్నవా, తిన్నవా, ఏం లేదు.
ఇనబడితే ఓ."

గంతేనా అనుకున్న.
జరసేపటికి యాదికొచ్చింది:
చెల్క అవతలి గట్టు మీదికెల్లి
"ఒరేయ్ సైదులూ" అని మా అవ్వ పిలిస్తే
ఇవతల గొర్ల నడుమ నిలబడి
నేనేమనేటోణ్ణి?
గా ఒక్క అక్షరం చేరినంక
ఆమె మళ్ల కలుపుకు వంగేది.

సారు బదులు కొడ్తుండంగనే కరెంటొచ్చింది.
మోటర్లన్నీ ఒక్కసారి మొరిగినయ్.
జపాను మునిగిపోయింది.
మా ఓ చేరిందో లేదో తెల్వది.
సారు చెవులకున్నది తీసి మెడకేసుకున్నడు.
"ఇయ్యాల ఎట్లున్నడు?" అని అడిగిండు,
నేల దిక్కు చూసుకుంటనే.

పైపుల కన్ను పెట్టిన.
"ఒక దిక్కు జర అరిగిండు సారూ.
మీ కంచం లెక్కున్నడు, అంచుకు సొట్టలు."
"గా సొట్టలు నేను చేసినయి గావు" అన్నడు.
తర్వాత,
"జాకీ దించకు.
ఎనిమిది నిమిషాలాయె. వేలెడు జరపు."